వేరే దేశాల పిల్లల పుస్తకాలు: ఎలా ఏరుకోవాలి, ఎలా చదివి వినిపించాలి

"వేరే దేశాల పిల్లల జీవితం" అని పేరు పెట్టి అమ్మే పుస్తకాలు తెరిస్తే చాలావాటిల్లో ఒకటే వరస, ఒక పండగ, ఒక రంగురంగుల డ్రెస్సు, ఒక డాన్సు, మూలన ఒక జెండా, అంతే, పేజీ తిప్పితే ఇంకో దేశం. అది చదివిన పిల్లకి ఏం మిగుల్తుంది చెప్పండి, అక్కడివాళ్ళు ఏడాది పొడుగునా పండగ బట్టలేసుకునే తిరుగుతారని తప్ప. పిల్లలకి నిజంగా కావాల్సింది వేరే. ఆ దేశంలో తన ఈడు పిల్ల ఒక మామూలు మంగళవారం నాడు ఏం చేస్తుంది, ఎవరితో గొడవ పడుతుంది, హోంవర్క్ ఎగ్గొట్టడానికి ఏం సాకు చెప్తుంది, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, ఇవీ కావాలి. అందుకే నేను పుస్తకం చేతిలోకి తీస్కోగానే చూసేది ఇందులో మంగళవారం ఉందా లేదా అనే. ఉంటే మిగతా సంగతులు తర్వాత చూస్కోవచ్చు, లేకపోతే ఎంత అందంగా అచ్చేసినా పక్కన పెట్టేస్తాను.

ఉదాహరణకి నైజీరియాలో పుట్టిన రచయిత్రి అటినుకే రాసిన అన్నా హైబిస్కస్ సిరీస్ ఉంది, ఆరేడేళ్ళ పిల్లలకి భలే ఉంటుంది. అన్నా ఆఫ్రికాలో ఒక పెద్ద సిటీలో, పెద్ద తెల్లటి ఇంట్లో ఉంటుంది, తాతయ్య నానమ్మ అత్తలు బాబాయిలు వాళ్ళ పిల్లలు అందరూ అక్కడే, వాళ్ళమ్మ మాత్రం కెనడా నుంచి వచ్చింది. ఒక కథలో గేటు బయట బుట్టలు పెట్టుకుని అమ్ముకునే అమ్మాయిల్ని చూసి దీనికీ అమ్మాలని సరదా పుడుతుంది, ఇంట్లో చెట్టు నుంచి తాజా కమలాలు కోసుకొచ్చి కూర్చుంటుంది, తాజా పళ్ళు కదా, అందరూ దీని దగ్గరే కొంటారు, పిల్ల ఆనందం చూడాలి. కానీ ఆ రోజు మిగతా అమ్మాయిలకి బేరం లేదు, బేరం లేకపోతే వాళ్ళింట్లో గడవదు, ఆ సంగతి తాతయ్య చెప్పేదాకా దీనికి తట్టదు. కథంతా ఇంతే. ఇందులో ఆఫ్రికా గురించి పాఠం ఒక్క ముక్క లేదు, కానీ డబ్బున్న ఇల్లు, లేని ఇల్లు ఒకే గేటుకి అటూ ఇటూ ఉన్నాయి, పిల్లకి సిగ్గేసింది, ఆ సిగ్గు ఏ దేశం పిల్లకైనా వెంటనే అర్థమైపోతుంది. నేను వెతకమనేది ఇలాంటి వాటినే.

కొనే ముందు అయిదు నిమిషాలు

మొదట కాపీరైట్ పేజీ తెరవండి, ఎవరూ చూడరు గానీ అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది. మొదట ఏ సంవత్సరం వచ్చింది, మూల భాష ఏది, అనువాదం అయితే అనువాదకుల పేరు వేశారా, ఇవి చూడండి. సంవత్సరం ఎందుకు ముఖ్యమంటే ఫోటోల పుస్తకాలు చాలా త్వరగా పాతబడతాయి, 1980ల్లో తీసిన ఫోటోలు పెట్టి "అక్కడి పిల్లలు ఇలా ఉంటారు" అని చదివిస్తే, ఆ ఫోటోలో పిల్లలకి ఇప్పుడు మనవలు కూడా ఉండుండొచ్చు. చిన్న చిన్న విషయాలు కూడా మారిపోతాయి. కొరియాలో పాత లెక్క ప్రకారం పుట్టగానే ఒక ఏడు, తర్వాత ప్రతి జనవరి 1కి ఇంకో ఏడు కలిపేవాళ్ళు, దక్షిణ కొరియాలో 2023 జూన్ నుంచి చట్టప్రకారం అందరిలాంటి లెక్కే అధికారిక లెక్క అయింది, కాబట్టి పాత కొరియన్ కథలో ఎనిమిదేళ్ళు అని ఉన్న పిల్లాడు మన లెక్కలో ఆరేళ్ళవాడో ఏడేళ్ళవాడో అయ్యుంటాడు. ఇది తెలీక "ఎనిమిదేళ్ళొచ్చి ఇంకా అలా ఏడుస్తాడేంటి" అని మన పిల్లలు నవ్వుతారు.

రెండోది, ఊరు పేరు ఉందా? కనీసం దేశం పేరు? ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, "ఆఫ్రికాలో ఒక పల్లెలో" అని మొదలుపెట్టే పుస్తకాన్ని కొంచెం అనుమానంగానే చూడాలి. అయితే దీన్ని గుడ్డిగా పట్టుకోకండి, పైన చెప్పిన అన్నా కథల్లోనూ దేశం పేరుండదు, కానీ ఇల్లు, వీధి, ట్రాఫిక్, మాట తీరు అన్నీ తెలిసిన మనిషి రాసినట్టు గట్టిగా నిలబడతాయి. ఊరు పేరు లేకపోతే దాని బదులు ఇంకేం ఉందో చూడమనే నా ఉద్దేశం.

మూడోది బొమ్మలు. వేళ్ళతో కథానాయిక మొహం మూసి, పక్కనున్న పిల్లల్ని చూడండి, ఒక్కొక్కళ్ళు ఒక్కోలా ఉన్నారా లేక ఒకే మొహాన్ని పదిసార్లు అచ్చేశారా? పాత పుస్తకాల్లో తూర్పు ఆసియా మనుషుల్ని అలాగే వేసేవాళ్ళు. అలాగే పిల్లలు ఏ వస్తువులు పట్టుకున్నారో కూడా చూడండి, ప్లాస్టిక్ బకెట్టో సెల్‌ఫోనో స్కూల్ బ్యాగో కనిపిస్తే ఆర్టిస్టు నిజంగా ఆ చోటు చూశాడని, లేదా కనీసం ఈ కాలం ఫోటోలు చూశాడని నమ్మొచ్చు.

ఇంకోటి, కథలో సమస్య ఎవరు తీరుస్తున్నారు. ఊళ్ళో పిల్లలు పాపం దిక్కుతోచక కూర్చుంటే బయటి నుంచి ఎవరో దయగల మనిషి వచ్చి బావి తవ్వించి బడి కట్టించి పోవడం, ఇది చాలా అరిగిపోయిన కథ. బయటి సాయం తప్పు అని కాదు, నిజ జీవితంలో అదీ ఉంటుంది, కానీ ఆ పిల్ల తనంతట తాను ఏం చేసింది అని అడిగితే జవాబు లేకపోతే అది ఆ పిల్ల కథ కాదు, ఆ వచ్చినాయన కథ.

మూలవాసుల పుస్తకాల్లో అయితే క్రియలు చూడండి. "వేటాడేవారు, నివసించేవారు, నమ్మేవారు" అని మొత్తం భూతకాలంలో ఉంటే పిల్లలు ఆ జాతే లేదనుకుంటారు. ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ జాతి పిల్లలు అనగానే మంచు ఇల్లు బొమ్మ వేసేస్తారు, అవి ఎక్కువగా వేటకి వెళ్ళినప్పుడూ చలికాలంలోనూ కట్టుకునేవి, ఈరోజు ఆ పిల్లలు మామూలు ఇళ్ళలో ఉంటారు, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) ఎక్కుతారు, స్కూలుకెళ్తారు.

రాసిందెవరు?

ఈ ప్రశ్న మీద చాలా వాదనలున్నాయి. 2015లో ట్విట్టర్‌లో ఓన్‌వాయిసెస్ అనే హ్యాష్‌ట్యాగ్ మొదలైంది, అంటే ఆ జీవితం బతికినవాళ్ళే రాసిన పుస్తకాలు అని. తర్వాత దాన్ని పబ్లిషర్లు అమ్మకాల కోసం వాడటం, రచయితల్ని మీ సొంత విషయాలు బయటపెట్టండి అని ఇబ్బంది పెట్టడం ఎక్కువై, 2021లో పిల్లల పుస్తకాల్లో అన్ని రకాల మనుషులూ ఉండాలని పనిచేసే వి నీడ్ డైవర్స్ బుక్స్ అనే సంస్థ ఆ మాట వాడటం మానేసింది. నా మటుకు నేను లోపలివాళ్ళు రాసినదాన్నే ముందు తీస్కుంటాను, బయటివాళ్ళు రాస్తే వెనక పేజీల్లో రచయిత మాట చదువుతాను, ఎక్కడికి వెళ్ళారు, ఎవరితో మాట్లాడారు, ఎవరికి చూపించి సరిచేయించుకున్నారు అని. 2000లో వచ్చిన ద బ్రెడ్‌విన్నర్ రాసిన డెబోరా ఎల్లిస్ కెనడా ఆవిడ, కానీ పాకిస్తాన్‌లో శరణార్థి శిబిరాల్లో ఆఫ్ఘన్ ఆడవాళ్ళతో, ఆడపిల్లలతో మాట్లాడి ఆ తర్వాత రాశారు, తాలిబన్ల కాబూల్‌లో పదకొండేళ్ళ పర్వానా జుట్టు కత్తిరించుకుని మగపిల్లాడి వేషంలో బజారుకెళ్ళి ఇల్లు పోషించే కథ. థాన్‌హా లై అయితే తన బతుకే రాసుకున్నారు, 1975లో వియత్నాంలోని సైగాన్ వదిలి అమెరికాలో అలబామా చేరిన పదేళ్ళ పిల్ల కథ, 2011లో వచ్చింది, పేరు ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్. మొత్తం చిన్న చిన్న కవితల్లాగే ఉంటుంది, లావు పుస్తకం చూస్తే పారిపోయే పిల్లలకి ఇది ఇచ్చి చూడండి.

మరి "నా సొంత కథ" అని కవర్ మీద ఉంటే నమ్మేయాలా? అదీ కాదు. 1976లో ద ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ అని చెరోకీ (అమెరికా మూలవాసుల్లో ఒక జాతి) కుర్రాడి ఆత్మకథగా ఒక పుస్తకం వచ్చి, తర్వాత లక్షల మంది చదివారు, స్కూళ్ళలో పెట్టారు, తీరా చూస్తే ఆ రచయిత అసలు పేరు ఏసా కార్టర్, ఒకప్పుడు కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి విద్వేష ముఠాలో పనిచేసినవాడు, జాతి విద్వేష ప్రసంగాలు రాసినవాడు. కొత్త రచయిత అయితే పేరు కొట్టి రెండు ఇంటర్వ్యూలు చదవండి, పెద్ద పనేం కాదు.

రెండు విషయాలు మీరే చెక్ చేస్కోండి

పుస్తకమంతా పరిశోధన చేయక్కర్లేదు, ఏవో రెండు వివరాలు పట్టుకుని వెతికితే చాలు, ఒకటి బొమ్మలోంచి, ఒకటి మాటల్లోంచి. 1991లో అమెరికాలో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది, భూమిని కాపాడుకోవాలి అంటూ చీఫ్ సియాటిల్ అనే మూలవాసుల నాయకుడు చెప్పిన మాటలు అని, తెగ అమ్ముడుపోయింది. బొమ్మలు చూస్తే శంకు ఆకారం గుడారాలు, మైదానాల్లో గుర్రాలు. సియాటిల్ మనుషులు ఉండేది పసిఫిక్ తీరం దగ్గర, వాళ్ళవి దేవదారు చెక్కతో కట్టిన పొడవాటి ఇళ్ళు, ప్రయాణాలు పడవల్లో, ఆ గుడారాలు గుర్రాలు ఎక్కడో దూరంగా ఉండే మైదానాల జాతులవి. పోనీ మాటలన్నా ఆయనవా అంటే అవీ కావు, ఎక్కువ భాగం 1970ల మొదట్లో ఒక సినిమా కోసం టెడ్ పెర్రీ అనే స్క్రిప్ట్ రైటర్ రాసినవి. అంటే బొమ్మ తప్పు, మాటా తప్పు, ఇళ్ళు ఎలా ఉండేవి అని ఒక్కసారి వెతికి ఉంటే మొదటిది తెలిసిపోయేది. మీరు కూడా ఆ ఊరి పేరు, "స్కూలు పిల్లలు" అని కలిపి కొట్టి వచ్చిన ఫోటోల పక్కన పుస్తకం బొమ్మ పెట్టి చూడండి.

ఒక దేశానికి ఒకే పుస్తకం చాలదు

నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ 2009లో ఒక ప్రసంగంలో చెప్పారు, చిన్నప్పుడు చదివినవన్నీ ఇంగ్లిష్, అమెరికన్ పుస్తకాలే కావడంతో తను ఏడేళ్ళప్పుడు రాసిన కథల్లో అందరూ నీలి కళ్ళవాళ్ళే, మంచులో ఆడుకుంటూ యాపిల్స్ తింటూ వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళట, తను నైజీరియా దాటి ఎక్కడికీ వెళ్ళకపోయినా. ఆవిడ అనేది ఒక చోటు గురించి ఒకే కథ విని ఆగిపోవడం ప్రమాదం అని. అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ప్రొఫెసర్ 1990లో పుస్తకాల్ని అద్దాలు, కిటికీలు అన్నారు, కొన్నిట్లో పిల్లలు తమని తాము చూసుకుంటారు, కొన్నిట్లోంచి బయటి ప్రపంచాన్ని చూస్తారు అని. రెండూ కావాలి, ఎప్పుడూ బయటివాళ్ళ కథలే చదివితే తన జీవితం కథకి పనికిరాదనుకుంటారు.

కాబట్టి జతలుగా తీస్కోండి. మంగోలియా అంటే గుండ్రటి గుడారం, గుర్రం, గొర్రెలు, అదొక పుస్తకం, బాగానే ఉంటుంది, కానీ ఆ దేశ జనాభాలో దాదాపు సగం మంది ఉలాన్‌బాటర్ సిటీలోనే ఉంటారు, అక్కడ అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్ల కథ కూడా పక్కన పెట్టండి. ఈ రెండిటి మధ్యలో ఇంకో మంచి కథ కూడా ఉంది, గొర్రెలు మేపే కుటుంబాల పిల్లలు చాలామంది బడి రోజుల్లో ఇల్లొదిలి హాస్టల్‌లో ఉంటారు, ఆరేళ్ళ పిల్ల మొదటిసారి అలా వెళ్ళడం అంటే ఏ పిల్లకైనా గుండె ఆగినంత పనే. ఊరు-సిటీ, అప్పుడు-ఇప్పుడు, నవ్వించేది-ఏడిపించేది, ఇలా ఏదో ఒక జత. ముఖ్యంగా ఒక దేశం గురించి మొదటి పుస్తకమే యుద్ధమో కరువో అయితే మాత్రం వెంటనే ఒక నవ్వుల పుస్తకం చదివించండి, లేకపోతే ఆ దేశం పేరు వినగానే పిల్లలకి ఏడుపు మొహాలే గుర్తొస్తాయి.

వయసు సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. నాలుగైదేళ్ళకి ఇల్లు, అమ్మ, నిద్ర, చెల్లి మీద కుళ్ళు, ఇవుంటే చాలు, దేశం పేరు వాళ్ళకి పట్టదు. ఆరు నుంచి తొమ్మిదికి ఒకే రోజుని వేర్వేరు దేశాల పిల్లలు ఎలా గడుపుతారో పక్కపక్కన చూపించే పుస్తకాలు బాగా ఎక్కుతాయి. యుద్ధం, వలస, జైలు లాంటివి పదేళ్ళు దాటాకే, అది కూడా మీరు ముందు చదివి, పక్కన కూర్చుని.

చదివి వినిపించేటప్పుడు

అసలు పని ఇక్కడే ఉంది, మంచి పుస్తకాన్ని కూడా చదివే పద్ధతితో పాడుచెయ్యొచ్చు.

పేర్లు ముందే నేర్చుకోండి. పలకడం కష్టంగా ఉందని పొట్టి పేరు పెట్టేయడం, నవ్వేయడం చేయకండి, మీరు నవ్వితే పిల్లలు ఆ పేరున్న మనిషిని చూసి కూడా నవ్వుతారు. ఆ భాషవాళ్ళు పలికిన ఆడియో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండుసార్లు విని, అయినా రాకపోతే "నాకు సరిగ్గా రావట్లేదు, ఇద్దరం కలిసి ట్రై చేద్దాం" అని పిల్లలతోనే అనండి. చైనా, కొరియా, హంగరీల్లో ఇంటిపేరు ముందొస్తుంది, అది కూడా చెప్పండి, పిల్లలకి ఇలాంటివి భలే నచ్చుతాయి.

చదువుతూ చదువుతూ "అయ్యో పాపం" అనకండి. నోటికి వచ్చేస్తుంది, తెలుసు. కానీ మీరు పాపం అనగానే ఆ పిల్ల కథలో మనిషి కాకుండా పోయి జాలి పడాల్సిన బొమ్మ అయిపోతుంది, పైగా మన పిల్లలకి "మనం అదృష్టవంతులం" అనే ఒక్క ముక్కే తలకెక్కుతుంది. దాని బదులు "ఇప్పుడు ఈ పిల్లకి ఏం కావాలి? దానికోసం ఏం చేస్తుందనుకుంటున్నావ్?" అని అడగండి. పర్వానా కథలో జుట్టు కత్తిరించే చోట ఆగి ఈ ప్రశ్న అడిగితే పిల్లలు జాలి పడరు, ప్లాన్లు వేస్తారు, దొరికిపోతే ఎలా, గొంతు ఎలా మార్చాలి, పాత స్నేహితులు గుర్తుపడితే ఏం చెప్పాలి అని.

మరి "ఛీ, వీళ్ళేంటి ఇలా చేస్తారు" అన్నప్పుడు? తిట్టకండి, అది ఆలోచన మొదలైనట్టే. జపాన్ స్కూళ్ళలో పిల్లలే క్లాస్‌రూమ్ ఊడ్చి తుడుస్తారు, మధ్యాహ్నం భోజనం కూడా పిల్లలే వంతులవారీగా వడ్డిస్తారు, ఇది చదవగానే కొందరు "పిల్లలతో పని చేయిస్తారా" అంటారు, కొందరు "భలే, మాకూ పెట్టొచ్చుగా" అంటారు. రెండు గుంపుల్నీ వాదించుకోనివ్వండి, తీర్పు మీరు చెప్పకండి. తర్వాత ఆ జపాన్ పిల్లని మన క్లాసులోకి తీసుకురండి, తనకి ఇక్కడ ఏది వింతగా అనిపిస్తుంది అని అడగండి, ఈ తిరగేసిన ప్రశ్నకి వచ్చే జవాబులు పుస్తకం కంటే బాగుంటాయి ఒక్కోసారి.

క్లాసులో ఆ దేశం పిల్ల ఎవరైనా ఉంటే "నువ్వు చెప్పు, మీ దగ్గర ఇలాగేనా" అని అందరి ముందు నిలబెట్టకండి, తనంతట తాను చెప్తే వినండి, లేకపోతే వదిలేయండి. పదేళ్ళ పిల్లకి ఒక దేశం మొత్తం తరఫున మాట్లాడాల్సిన పని లేదు.

చదవడం అయ్యాక అట్టముక్కలతో వాళ్ళ వేషాలు వేయించడం నాకు నచ్చదు, మళ్ళీ డ్రెస్సు దగ్గరికే వచ్చాం కదా. దాని బదులు ఆ పిల్ల రోజుని గంటలవారీగా రాసి, పక్కన తన రోజు రాయమనండి. లేదా కథ అయిపోయిన మర్నాడు ఏం జరిగుంటుందో చెప్పమనండి.

ఎక్కడ వెతకాలి

అవార్డుల లిస్టులు తేలిక దారి. అనువాద పుస్తకాలకైతే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1968 నుంచి ఇస్తున్న బాచెల్డర్ అవార్డు చూడండి. రచయిత పేరు పట్టుకుని వెతకాలంటే ఐబీబీవై (పిల్లల పుస్తకాల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు 1956 నుంచి ఇస్తున్న హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు ఉంది, ఈ ఐబీబీవైని 1953లో పెట్టించింది యెల్లా లెప్‌మన్, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక శిథిలాల మధ్య జర్మన్ పిల్లలకి వేరే దేశాల పుస్తకాలు కావాలని దేశదేశాలకీ ఉత్తరాలు రాసి తెప్పించినావిడ, మ్యూనిక్‌లో 1949లో మొదలైన ఇంటర్నేషనల్ యూత్ లైబ్రరీ కూడా ఆవిడ పుణ్యమే, వాళ్ళు ఏటా వైట్ రేవెన్స్ అని ప్రపంచం మొత్తం నుంచి ఏరిన లిస్టు ఇస్తారు. ఫ్రీగా కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైటు ఉంది, కథలు తెలుగులో కూడా దొరుకుతాయి, ఓపెన్ లైసెన్స్ కాబట్టి డౌన్‌లోడ్ చేస్కోవచ్చు, ప్రింట్ తీస్కోవచ్చు, మీరే అనువాదం చేసి పెట్టొచ్చు కూడా. ఆఫ్రికన్ స్టోరీబుక్ సైటు కూడా అలాంటిదే.

లైబ్రరీలో పాత అల్మారా నుంచి తీస్తుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో పిల్లల పుస్తకాల సెంటర్ ఒకటుంది, వాళ్ళ లెక్క ప్రకారం 1985లో అమెరికాలో అచ్చయిన దాదాపు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, ఆర్టిస్టులు చేసినవి 18. కాబట్టి ఆ కాలం అల్మారాల్లో ఎవరి కళ్ళతో చూసిన ప్రపంచం ఉంటుందో చెప్పక్కర్లేదు.

మరి పాత పుస్తకాలన్నీ పడేయాలా అంటే, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి గానీ పన్నెండేళ్ళు దాటినవాళ్ళతో అయితే పక్కపక్కన పెట్టి చదవొచ్చు. 1935లో వచ్చిన లిటిల్ హౌస్ ఆన్ ద ప్రైరీ అనే అమెరికన్ పుస్తకంలో మొదట, అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు (అంటే అమెరికా మూలవాసులు) మాత్రమే ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది, ఒక పాఠకురాలి ఉత్తరంతో 1950ల్లో పబ్లిషర్ ఆ "మనుషులు" తీసేసి "వలస వచ్చి స్థిరపడినవాళ్ళు" అని మార్చారు. దీని పక్కన 1999లో ఒజిబ్వే అనే మూలవాసుల జాతికి చెందిన రచయిత్రి లూయిస్ ఎర్డ్రిచ్ రాసిన ద బర్చ్‌బార్క్ హౌస్ పెట్టండి, 1847లో అమెరికాలో లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సులో ఒక దీవిలో ఉండే ఒమకయాస్ అనే ఏడేళ్ళ పిల్ల, అక్క మీద అసూయ, అల్లరి తమ్ముడు, చేయబుద్ధి కాని తోలు పని, తర్వాత ఊళ్ళోకి వచ్చే మశూచి. పాత వాక్యం, మార్చిన వాక్యం రెండూ ఒక కాగితం మీద రాసిచ్చి, ఒమకయాస్ వాళ్ళింట్లో ఎవరైనా ఇది చదివితే ఏమనేవాళ్ళో రాయమనండి, సగం పేజీ చాలు, తప్పులు దిద్దకండి.